వెచ్చగాలి రాని గది

మేము కొన్న ఇల్లు పాతది. చెక్క గోడలు, రేకు కప్పు, నేలకింద మనిషి పాకగలిగేంత ఖాళీ. అమ్మినాయన ఇల్లంతా చూపించి, చివర్న పక్క సందులో డీజిల్ ట్యాంకు దగ్గర నిలబెట్టి, ఈ ఇంటికి ఫర్నెస్ ఉందని గొప్పగా చెప్పాడు. నేలకింద పెద్ద ఇనప్పెట్టె ఉంటుంది. అందులో డీజిల్ మండితే, వేడిగాలి రేకు గొట్టాల్లోంచి గదిగదికీ పోయి, నేలమీద బిగించిన జల్లెడ మూతల్లోంచి పైకి వస్తుంది. అంతకుముందు క్రైస్ట్‌చర్చ్‌లో మేము అద్దెకున్న ఫ్లాట్లలో చలికాలం ముక్కు చివర మొద్దుబారిపోయేది. అందుకని ఆ జల్లెడ మూతలు చూశాక నేనింకేమీ చూడలేదు. గోడల్లో ఏముంది, ఎండ ఎటునుంచి పడుతుంది, ఏదీ అడగలేదు. పదకొండేళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని, నాకు బుర్ర లేదని ఎవరూ అనరు. ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఉన్న బుర్ర కూడా ఎటో పోతుంది.

ఇల్లు కొన్న మరుసటి ఏడు మా అత్తయ్య వచ్చింది. మామయ్య పోయాక ఇండియాలో ఒక్కతే ఎందుకని మా ఆయన పేరెంట్ వీసాకి పెట్టి తెచ్చుకున్నాడు. ఆవిడ ముప్పై ఏళ్ళు మిషన్ హాస్టల్లో వంట చేసిన మనిషి. కట్టెల పొయ్యి మీద పెద్ద పెద్ద డేగిసాలతో అన్నం వండి వార్చేది. ఆ పొగంతా ఆవిడ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఇక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, రోజుకి ఎన్ని సిగరెట్లు తాగేవారని అడిగాడు. అది ఆవిడకి తెలుగులో చెప్పడానికి నాకు సిగ్గేసింది. చెప్పాను. ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతుంటేనే దగ్గు తెర వచ్చింది, ఆగడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరు అప్పుడు నవ్వలేదు. ఈమెకి మందులకన్నా ముఖ్యం పడుకునే గది అన్నాడు. గది చల్లగా ఉండకూడదు, తేమ ఉండకూడదు. ఒక్క గట్టి జలుబు న్యుమోనియా కిందకి దిగిందంటే ఈ ఊపిరితిత్తులు తట్టుకోలేవు అన్నాడు. నేను తలాడించాను. ఆ మాట నాకు ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు. నేను పనిచేసేది ముసలివాళ్ళ రెస్ట్ హోమ్‌లో. అక్కడ ప్రతి గది గోడకీ ఒక థర్మామీటరు ఉంటుంది. డ్యూటీ ఎక్కగానే గదులన్నీ తిరిగి అంకె చూసి కాగితం మీద రాయడం నా పని. ఏ గదైనా కాస్త చల్లబడితే మేనేజరుకి రిపోర్ట్ రాసి, బాగుచేసేవాడు వచ్చేదాకా ఆఫీసువాళ్ళ ప్రాణం తీసేదాన్ని.

మా ఇంట్లో పడకగదులు మూడు. ముందువైపు పెద్దది మాది. దాని పక్కది మా అమ్మాయిది, అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. వెనకవైపు, బట్టలుతికే లాండ్రీ గది దాటాక ఉన్నది అత్తయ్యకి ఇచ్చాం. బాత్రూమ్ దగ్గరగా ఉంటుందని ప్రేమగానే ఇచ్చాం. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది, చలికాలం జూన్, జూలైల్లో వస్తుంది. ఆ గది కిటికీ దక్షిణానికి. ఏడాది పొడుగునా ఆ గదిలోకి ఎండపొడ పడదు, దక్షిణపు గాలి లేచిందంటే మొదట తగిలేది ఆ గోడకే. మొదటి చలికాలం ఫర్నెస్ నడిచింది కాబట్టి ఆ సంగతి మాకు పట్టలేదు. అత్తయ్య జల్లెడ మూత పక్కన చిన్న స్టూలు వేసుకుని, పాదాలు దానికి ఆనించి బైబిలు చదువుకునేది. ఆ చలికాలం ఆవిడ ఒక్కసారి కూడా మంచం పట్టలేదు.

రెండో ఏడు ఏప్రిల్లో ఫర్నెస్ వేస్తే ఇల్లంతా డీజిల్ కంపు కొట్టింది. మెకానిక్ నేలకిందకి పాకి, తిరిగొచ్చి, మంటకీ గాలికీ మధ్య ఉండే రేకు చిట్లిందన్నాడు. పొగ గదుల్లోకి వస్తోంది, ఇక వెలిగించొద్దు, ఇది బాగయ్యే రకం కాదు అని చెప్పి, స్విచ్‌కి ఎర్ర చీటీ కట్టి పోయాడు. ఆ రోజు ఇల్లు అమ్మినాయన్ని నేను తిట్టిన తిట్లు మా పాస్టరమ్మ వినుంటే ముక్కున వేలేసుకునేది.

చలి ముంచుకొస్తోంది. మా ఆయన వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే వచ్చి, పడుకోకుండా ఫోన్లో హీటర్ల రకాలే చూస్తూ కూర్చునేవాడు. పాత గొట్టాలే ఉంచుకుని కొత్త గ్యాస్ ఫర్నెస్ పెట్టించుకుందామంటే, ఈ దక్షిణ దీవిలో గ్యాస్ పైపులైను లేదు. బయట పెద్ద సిలిండర్లు పెట్టుకోవాలి. వేడి బ్రహ్మాండంగా వస్తుంది, సిలిండర్లూ అంతే బ్రహ్మాండంగా ఖాళీ అవుతాయి. పైగా వేసవిలో వడగాలి కొట్టే రోజుల్లో అది ఎందుకూ కొరగాదు. పైకప్పు లోపల ఒక పెద్ద హీట్ పంప్, అంటే వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ లాంటిది, పెట్టి, గొట్టాలతో గదులన్నిటికీ గాలి పంపే సెంట్రల్ పద్ధతి ఇంకొకటి. చలికాలం వేడి, వేసవిలో చల్లదనం, రెండూ దాంతోనే. అవేవీ వద్దనుకుంటే హాల్లో గోడకి ఒక్క హీట్ పంప్ బిగించుకుని గదుల తలుపులు బార్లా తెరుచుకోవాలి. మాకు తెలిసినవాళ్ళు చాలామంది చేసింది అదే. వాళ్ళ ఇళ్ళల్లో హాల్లో చెమట పడుతుంది, పడకగదిలో వణుకు పుడుతుంది.

సెంట్రల్ పెట్టిద్దామనుకుని ముగ్గురిని పిలిచాం. మొదటివాడు బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోంచే ఇల్లు చూసి రేటు చెప్పాడు. రెండోవాడు ఎంత పెద్ద మిషనైతే అంత మంచిదని, మా ఇంటికి రెండింతల ఇల్లు వెచ్చబడే మిషను అంటగట్టబోయాడు. మూడో ఆయన అరవై దాటినవాడు, మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని వచ్చాడు. నేలకిందకి పాకాడు, పైకప్పులోకి ఎక్కాడు. బూజు పట్టిన తలతో దిగొచ్చి, ప్రతి గదిలో గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తూ, ఇక్కడ ఎవరు పడుకుంటారని అడిగాడు. అత్తయ్య గదిలో చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ మాటమాటా గుర్తుంది. అవసరానికి మించిన మిషను ఆగి ఆగి నడుస్తుంది, కరెంటు తింటుంది, తొందరగా పోతుంది. ముందు నేలకింద చలి పైకి రాకుండా ఇన్సులేషన్ వేయించుకోండి, అప్పుడు చిన్న మిషనే సరిపోతుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే మిషను సైజులో తగ్గించుకోండి, గదుల్లో తగ్గించుకోవద్దు. అని, ఇంటి ప్లాన్ గీసి, గాలి దిగే చోట్ల గుండ్రాలు పెట్టాడు. మొట్టమొదటి గుండ్రం వెనక గదిలోనే పెట్టాడు. ఆ తర్వాత మిగతా రెండు పడకగదుల్లో, వంటగదిలో, హాల్లో రెండు. మొత్తం ఆరు.

ముగ్గురిలో ఆయన చెప్పిన రేటే తక్కువ. అయినా మేము అనుకున్నదానికన్నా ఎక్కువే. ఇంటి లోన్ వడ్డీ సరిగ్గా అప్పుడే పెరిగింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, కంచాలు పక్కకి నెట్టి ఆ కాగితం మధ్యలో పెట్టుకున్నాం. ఇన్సులేషన్ తీసేస్తే మిషనే దండగ. పిల్లదాని గది తీసేయలేం. మా గది తీసేస్తే పగలు పడుకునే మనిషికి నిద్ర ఉండదు.

"హాల్లో రెండెందుకు? ఒకటి తీసేద్దాం," అన్నాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "శుక్రవారం ప్రేయర్‌కి పాతికమంది వస్తారు. జాకెట్లు తొడుక్కుని కూర్చుని పాటలు పాడాలా? పోయినసారి చర్చి ఆంటీ మన సోఫా మీది దుప్పటి తీసి కప్పుకుంది. నాకు తల తీసేసినట్టయింది," అన్నాను.

అత్తయ్య అప్పుడు సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతోంది. వద్దన్నా వినదు. వెనక్కి తిరక్కుండానే అంది.

"నా గదికి వద్దులేమ్మా. నాకెందుకా గాలి? దుప్పట్లో దూరితే ముసలిదానికి ఏం తెలుస్తుంది. ఆ డబ్బేదో పిల్లదానికి ఉంచండి."

మా వైపు ఎవరూ అడగ్గానే కావాలనరు. అది మీకూ తెలుసు. అన్నం వడ్డిస్తుంటే మా అత్తయ్య కంచానికి చెయ్యి అడ్డం పెట్టి చాలమ్మా అంటుంది. నేను ఆ చెయ్యి పక్కకి తోసి ఇంకో గరిటె వేస్తాను. తింటుంది. చీర కొంటానంటే వద్దంటుంది, కొని తెస్తే నాలుగిళ్ళకీ చూపించుకుంటుంది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ అన్న వద్దుని నేను ఒక్కసారి కూడా లెక్కచేయలేదు. లెక్కచేస్తే కోడలికి మర్యాద తెలియదంటారు. ఆ ఆదివారం మాత్రం మొదటి మాటకే లెక్కచేశాను. ఎందుకంటే ఆ వద్దు నాకు అవసరమైంది.

"సరే అత్తయ్యా. మీకు మంచి ఆయిల్ హీటర్ ఒకటి కొందాం," అన్నాను.

కుళాయి కింద ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఆఁ, అది చాలమ్మా," అంది. మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. మా ఆయన నా మొహం చూశాడు, కాగితం చూశాడు. కన్నకొడుకే ఆవిణ్ణి మళ్ళీ అడగలేదని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కానీ పెన్ను నా చేతిలో ఉంది. వెనక గదిలో గుండ్రాన్ని నేనే కొట్టేశాను.

మర్నాడు ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆ గదికే గొట్టం అన్నిటికన్నా పొడుగట, అది తీసేస్తే మిషను కూడా ఒక సైజు తగ్గుతుందట. మేము అనుకున్న దాంట్లోకి వచ్చేసింది. ఆయన, ఆ గదిలో పెద్దావిడ పడుకుంటారని చెప్పారు కదా అన్నాడు. నేను తడుముకోకుండా, ఆవిడ ముందు గదికి మారుతున్నారు, వెనకది ఇక గెస్ట్ రూమ్ అన్నాను. తర్వాత కలపాలంటే ఈ చిన్న మిషనుకి కుదరదు, బాగా ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకున్నామన్నాను.

మే నెలలో బిగించారు. ఆ శుక్రవారం ప్రేయర్‌కి వచ్చినవాళ్ళు గుమ్మంలోకి రాగానే తల పైకెత్తి చూసి, జాకెట్లు విప్పి సోఫా చేతుల మీద వేశారు. మీ ఇల్లు ఇండియాలా ఉందమ్మా అంది ఆ దుప్పటి ఆంటీయే. నేను పొంగిపోయాను. చివర్లో పాస్టరుగారు కొత్త మిషను కోసం కూడా రెండు మాటలు ప్రార్థన చేశారు. అత్తయ్య అందరితోపాటు ఆమెన్ చెప్పి, అందరికీ టీ అందించి, వేడినీళ్ళ సంచి చంకలో పెట్టుకుని వెనక గదికి వెళ్ళిపోయింది.

జూన్ వచ్చేసరికి పొద్దున్నే ఆ గది కిటికీ అద్దాలకి లోపలివైపు నీళ్ళు కారుతుండేవి. అత్తయ్య పాత తువ్వాలుతో తుడిచి, లాండ్రీలో పిండి ఆరేసేది. కర్టెన్ వెనక గోడ మీద నల్ల చుక్కలు లేచాయి. అవి కూడా వెనిగర్ పెట్టి తనే తుడుచుకునేది. నేను చూసేదాన్ని. డ్యూటీకి టైమైపోతోందని వెళ్ళిపోయేదాన్ని. వెళ్ళి అక్కడ ఊళ్ళోవాళ్ళ అమ్మల గదుల్లో థర్మామీటర్లు చూసి, అంకెలు రాసుకునేదాన్ని. మా ఇంట్లో థర్మామీటరు లేదు. కొనలేక కాదు. కొంటే చూడాల్సి వస్తుంది.

ఆయిల్ హీటర్ కొన్నాం, మాట ప్రకారమే. రోజూ పడుకునే ముందు నేనే వెళ్ళి వేసి వచ్చేదాన్ని. ఒకరోజు కార్లో స్కూలుకి వెళ్తూ మా అమ్మాయి అంది.

"మమ్మీ, నానమ్మ టర్న్స్ ఇట్ ఆఫ్. యూ గో, దెన్ షీ టర్న్స్ ఇట్ ఆఫ్. ఎవ్రీ నైట్."

సాయంత్రం వచ్చి అడిగాను. అడగడం కాదు, మీద పడ్డాను.

"ఎందుకు ఆపేస్తున్నారు అత్తయ్యా? డాక్టరేం చెప్పాడు?"

"అది కరెంటు బాగా లాగుద్దంటగా. బిల్లొచ్చినప్పుడు మీరిద్దరూ అనుకుంటుంటే విన్నాలే. నాకు నీళ్ళ సంచి ఉందమ్మా, చాలు."

మేమిద్దరం అనుకోలేదు, అరుచుకున్నాం. వంటగదిలో, ఆవిడ గదికి వినపడేలా. నా తప్పు నాకే కొట్టొచ్చినట్టు కనపడింది, అందుకే కోపం ఆవిడ మీదకి తిరిగింది. "మీ ఇష్టం. చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది," అని వచ్చేశాను. నిజానికి చెప్పింది ఒక్కసారే.

జూలై మొదట్లో మా అమ్మాయి స్కూలు నుంచి జలుబు తెచ్చింది. దానికి రెండు రోజుల్లో తగ్గింది. నాలుగో రోజు పొద్దున నేను కాఫీ పట్టుకుని వెనక గదికి వెళ్తే, అత్తయ్య మంచం అంచున కూర్చుని, మోచేతులు మోకాళ్ళ మీద మోపి, ముందుకు వంగి ఊపిరి లాగుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కాఫీ కిటికీలో పెట్టేశాను. ఆ భంగిమ నాకు తెలుసు. ఎంతమందిలోనో చూశాను. చెయ్యి పట్టుకుంటే మంచుముక్క. ఆ గదిలో మా ఇద్దరి ఊపిరీ పొగలా కనపడుతోంది. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూ నేను చేసిన మొదటి పని ఆయిల్ హీటర్ వేయడం. వాళ్ళు వచ్చేసరికి గది కాస్తైనా వెచ్చబడాలని. ఆవిడ కోసం కాదు, వాళ్ళు చూస్తారని.

న్యుమోనియా. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. మొదటి మూడు రోజులూ ఆవిడ దక్కదనుకున్నాం. మా ఆయన డ్యూటీ మానేసి మంచం పక్కనే కూర్చున్నాడు. నాలుగో రోజు నుంచి జ్వరం దిగింది. ఆరో రోజుకి లేచి కూర్చుంది. ఏడో రోజు వెళ్ళేసరికి స్వెటర్ లేదు, శాలువా లేదు, ఆస్పత్రి వాళ్ళ పల్చటి గౌను వేసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వాళ్ళిచ్చిన సూపు చెంచాతో తాగుతోంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎన్నో నెలల తర్వాత ఆవిడ చెయ్యి వెచ్చగా తగిలింది నాకు.

నా సంతోషం పట్టలేక ప్రేయర్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. అత్తయ్య కోలుకుంది, శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన, అందరూ రండి, భోజనాలు ఇక్కడే. శుక్రవారం పంపించేస్తామని డాక్టర్లు అప్పటికే అన్నారు. బిర్యానీకి ఆర్డరిచ్చాను. మా వాళ్ళల్లో ఇది మామూలే. దేవుడు మేలు చేసినప్పుడు నలుగురినీ పిలిచి చెప్పకపోతే ఎలా?

శుక్రవారం పొద్దున బట్టలు తీసుకుని వెళ్ళాను. వార్డు నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది. మందులు, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి, అవన్నీ అయ్యాక, ఇల్లు వెచ్చగా ఉంటుందా అని అడిగింది. అలా అడగడం వాళ్ళ పద్ధతి. నేనూ నర్సునే కాబట్టి ఆ ప్రశ్న ఎందుకు వేస్తారో నాకు తెలుసు.

"సెంట్రల్ హీటింగ్ ఉంది. మొన్నే కొత్తది పెట్టించాం," అన్నాను.

ఆవిడ సంతోషంగా టిక్కు పెట్టుకుని వెళ్ళింది. ఇంగ్లీషులో మేమేం మాట్లాడుకున్నామో అత్తయ్యకి అర్థం కాలేదు. నేను సంచిలో చెప్పులు సర్దుతుంటే, నా కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది.

"అమ్మాయ్, ఇంకో నాలుగు రోజులు ఉంచుకుంటారేమో అడుగుతావా? ఇక్కడ వెచ్చగా ఉంది."

ఆవిడ నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. పద్నాలుగేళ్ళలో ఉప్పు అందించమని కూడా అడిగిన మనిషి కాదు. అలాగే అత్తయ్యా అని వార్డు బయటికి వెళ్ళాను. నర్సుల బల్ల దగ్గర ఆ నర్సు ఒక్కతే నిలబడి ఏదో రాసుకుంటోంది. తల ఎత్తి నవ్వింది కూడా. నేను ఏమని అడగాలి? మా ఇంట్లో సెంట్రల్ హీటింగ్ ఉంది గానీ మా అత్తయ్య గదికి లేదనాలా? హాల్లో రెండున్నాయి, ఆవిడకి ఒక్కటీ లేదనాలా? నేను కూడా నర్సునే అని మొదటిరోజే వాళ్ళకి చెప్పుకున్నాను. సాయంత్రం పాతికమంది వస్తున్నారు. బిర్యానీ చెప్పేశాను. కృతజ్ఞతా ప్రార్థనకి ఆ మనిషే లేకపోతే ఏం బాగుంటుంది?

నేను ఆ నర్సుని దాటుకుని నీళ్ళ మిషను దాకా వెళ్ళాను. గ్లాసు నీళ్ళు తాగాను. తిరిగొచ్చాను.

"అడిగాను అత్తయ్యా. బెడ్లు ఖాళీ లేవంట, కుదరదన్నారు."

"సరేలేమ్మా, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు," అంది. చేతులు పైకెత్తింది, స్వెటర్ తొడగమని.

ఆ సాయంత్రం అందరూ వచ్చారు. అత్తయ్యని హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాం. రెండు గంటలపైనే కూర్చుంది. ఒక్కొక్కళ్ళే వచ్చి చేతులు పట్టుకుని, దగ్గరగా వంగి మాట్లాడారు. ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నారు. నేను చూశాను. రెస్ట్ హోమ్‌లో అయితే గుమ్మంలోనే ఆపేసేదాన్ని. ఇంటికొచ్చినవాళ్ళని దగ్గుతున్నారు వెళ్ళిపొమ్మంటామా? పాస్టరుగారు దేవుడు ఈ తల్లికి ఊపిరి తిరిగి ఇచ్చాడని కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. నేనూ ఏడ్చాను.

మా గదే ఇచ్చాం ఆవిడకి. రాత్రి నేనూ ఆవిడా ఆ మంచం మీద పడుకునేవాళ్ళం. కానీ మా ఆయన పొద్దున డ్యూటీ నుంచి వచ్చి పడుకోవాలి. కొడుకు పక్క దగ్గర పగలంతా ముసలిది అడ్డం పడి ఉంటే ఏం బాగుంటుందని, ఆవిడ దుప్పటి మడిచి చంకన పెట్టుకుని వెనక గదికి వెళ్ళిపోయేది. పిల్లదాని గదిలో పడుకోమంటే దాని పక్క నలుగుతుందనేది, హాల్లో సోఫా మీద పడుకోమంటే, ఎవరైనా వస్తే బాగుండదనేది. అప్పటికి నేను డ్యూటీకి వెళ్ళిపోయి ఉండేదాన్ని. ఆయన నిద్రలో ఉండేవాడు. రోజూ ఎంతసేపు అందులో పడుకుందో మాకు తెలియదు. తెలుసుకోవచ్చు, తెలుసుకోలేదు.

ఇంటికొచ్చిన పదకొండో రోజు మళ్ళీ ఊపిరి అందలేదు. అదే అంబులెన్స్, అదే వార్డు. ఈసారి కోలుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది. మా ఆయన ఒక చెయ్యి పట్టుకున్నాడు, నేను ఒకటి. ఆ చెయ్యి చివరిదాకా వెచ్చగానే ఉంది.

మా ఆయన చర్చివాళ్ళకి ఫోన్లు చేయడానికి బయటికి వెళ్ళాడు. నేను ఆవిడ వస్తువులు సర్దుతున్నాను. బైబిలు, కళ్ళజోడు, ఇన్హేలర్. పోయినసారి కాగితాలు రాసిన నర్సే లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది.

"మిమ్మల్ని మీరు తిట్టుకోకండి," అంది. "మా దగ్గరికి ఎలాంటి ఇళ్ళనుంచి వస్తారో మీకు తెలుసుగా. గదిలో హీటర్ కూడా ఉండదు. అలాంటివాళ్ళని, బెడ్లు ఖాళీ ఉన్నాయంటే, మేము పంపించం. ఇంటి సంగతి తేలేదాకా ఇక్కడే ఉంచుకుంటాం. పోయినసారి మీరు వెళ్ళిన వారం అయితే సగం వార్డు ఖాళీయే. మీ అత్తగారికి ఆ బాధ లేదు. వెచ్చటి ఇంటికే తీసుకెళ్ళారు. మీరు చేయగలిగిందంతా చేశారు."

థాంక్యూ అన్నాను.